ఇంటింటా ఒక జలమండలి

హైదరాబాదు తన తాగునీటిని కాపాడుకుంటున్న తీరుపై కొందరు పెదవి విరవడం అన్యాయం. నాగార్జునసాగర్ నుంచి కృష్ణ, ఎల్లంపల్లి నుంచి గోదావరి, వంద కిలోమీటర్లు దాటి గొట్టాల్లో ప్రయాణించి, పటిక కలిపించుకుని, ఇసుక వడపోతల్లోంచి దిగి, క్లోరిన్ పట్టించుకుని మన వీధి మొదలు దాకా వస్తున్నాయి. అక్కడి నుంచి బాధ్యత పౌరులది. ఆ ఘనతను ఎవరూ గుర్తించకపోవడమే నా బాధ.

మన పద్ధతిలో మొదటి మెట్టు, గొట్టాన్ని వీలైనంతసేపు ఖాళీగా ఉంచడం. చాలా పేటల్లో రోజు విడిచి రోజు, లైన్‌మన్ వాల్వు తిప్పిన కాసేపే నల్లా వస్తుంది. మిగతా సమయంలో లోపల ఒత్తిడి ఉండదు కాబట్టి, పక్కనే పారే మురుగు అతుకుల్లోంచీ బీటల్లోంచీ లోపలికి వస్తుంది. ఇరుగుపొరుగు అన్నాక రాకపోకలు తప్పవు కదా. రోజంతా ఒత్తిడితో నిండి ఉన్న గొట్టం బయటికి కారుతుందే గాని లోపలికి పీల్చుకోదన్న సంగతిని ఒడిశాలోని పూరీ నమ్మి, 2021లోనే కుళాయి నీళ్లు నేరుగా తాగే ఏర్పాటు చేసుకుంది. జగన్నాథుడి ఊరు కాబట్టి చెల్లింది.

రెండో మెట్టు మోటారు. నల్లా గొట్టానికి నేరుగా మోటారు బిగించడం నిషిద్ధం కనుక, దాన్ని మెట్ల కింద పెట్టి గోనెసంచి కప్పుతాం. అది వీధి చివరి ఇంటివాళ్ల వాటాతో పాటు మురుగు వాటాను కూడా ఆప్యాయంగా లాక్కొస్తుంది. చివరి ఇంటివాళ్లు మొదట ఫిర్యాదు చేస్తారు, తరువాత మనకంటే పెద్ద మోటారు కొంటారు.

ఇక సంపు. ఇంటికి చేరిన నీటిలో లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలని ప్రమాణం చెబుతోంది. గృహప్రవేశానికి ముందు కడిగిన సంపులో ఒక రాత్రి, ఎండలో కాగే మేడ మీది ట్యాంకులో ఒక పగలు గడిపాక అందులో ఎంత మిగులుతుందనేది ఇంటిగుట్టు. అందుకే, ఉప్పటి బోరు నీళ్ల కోసం పుట్టిన ఆర్వో యంత్రాన్ని నదీజలాలకూ తగిలించాం. అది మనకొక లీటరు ఇచ్చి, రెండు మూడు లీటర్లు కాలువలోకి వదులుతుంది. కాలువ దగ్గర తెచ్చుకున్నది వడ్డీతో సహా తీర్చే నిజాయితీ ఇంకెక్కడుంది? నెలకు 20 వేల లీటర్లు ఉచితమన్న పథకం 2021లో మొదలైంది. ఆ నీళ్లతో బట్టలుతుక్కుని, తాగడానికి క్యాన్ కొనుక్కునే ఇళ్లు మన పేటల్లో కొల్లలు.

ఫిల్టరు కొనలేని ఇళ్లలో ఈ మురుగు రాకపోకలకు అర్థం వేరు. 2009లో నగరంలోని భోలక్‌పూర్‌లో కలుషితమైన నల్లా నీళ్లు తాగి పలువురు చనిపోయారు.

నీటి మూలాలనూ మనం మరవలేదు. 1908 మూసీ వరద తరువాత కట్టుకున్న గండిపేట, హిమాయత్‌సాగర్ చెరువుల చుట్టూ 10 కిలోమీటర్ల మేర కాలుష్యకారక నిర్మాణాలు వద్దని 1996లో 111వ జీవో వచ్చింది. 2022లో ప్రభుత్వం ఆ ఆంక్షల్ని ఎత్తివేసింది. నీళ్లు దూరం నుంచి తెచ్చుకోవచ్చు, గజం లక్షల్లో పోయే స్థలాన్ని ఎక్కడి నుంచి తెస్తాం?

ఇంకా రాయవలసింది ఉంది గాని, నల్లా వచ్చినట్టుంది. పక్కింటివాళ్లు మోటారు వేసేలోగా నేను వేయాలి.