వెన్ను నీరు తీయడమంటే ఎందుకంత భయం?

జ్వరం, తలనొప్పితో ఆస్పత్రిలో చేరిన మనిషి రెండో రోజుకల్లా సంధి ప్రేలాపనలు మొదలుపెడతాడు. నడుం దగ్గర సూది గుచ్చి నీరు తీయాలంటారు డాక్టరు. అక్కడ సూది పడితే కాళ్లు చచ్చుబడిపోతాయట అని బంధువుల్లో ఎవరో ఒకరు అననే అంటారు. ఇక సంతకం పెట్టడానికి ఎవరికీ చెయ్యి ఆడదు. మెదడు ఇన్‌ఫెక్షన్లలో చేజేతులా పోగొట్టుకునే గంటలు చాలావరకు ఇవే.

ఆ భయంలో పస ఎంతో చూద్దాం. పెద్దవాళ్లలో వెన్నుపాము నడుం భాగంలోని మొదటి, రెండో పూసల దగ్గరే ముగిసిపోతుంది. సూది దించేది అంతకన్నా కింద, మూడు-నాలుగు లేదా నాలుగు-ఐదు పూసల మధ్య. అక్కడ ఉండేది నీళ్లలో తేలుతున్న నరాల పోగులే. మెదడు, వెన్నుపాము చుట్టూ ఉండే ఆ నీరు మన ఒంట్లో ఏ సమయంలోనైనా 150 మిల్లీలీటర్ల దాకా ఉంటుంది, రోజుకు సుమారు 500 మిల్లీలీటర్లు కొత్తగా ఊరుతుంది. పరీక్షకు తీసే కొద్ది మిల్లీలీటర్లు గంటల్లోనే భర్తీ అయిపోతాయి. కొందరికి తర్వాత కొన్ని రోజులు తలనొప్పి ఉంటుంది, అది నిజమే. 1891లో జర్మన్ వైద్యుడు హైన్రిఖ్ క్వింకె వివరించిన పద్ధతి ఇది, నిన్నమొన్నటి ప్రయోగం కాదు.

ఎమ్మారై ఎంత ఖరీదైనదైనా వాపు ఎక్కడుందో చూపిస్తుంది గానీ, క్రిమి పేరు సాధారణంగా చెప్పలేదు. వెన్ను నీరు చాలాసార్లు చెబుతుంది. మబ్బుగా ఉండి, గ్లూకోజ్ పడిపోయి ఉంటే బ్యాక్టీరియా మీద అనుమానం. తేటగానే ఉన్నా గ్లూకోజ్ తగ్గి, ప్రొటీన్ పెరిగితే టీబీనో ఫంగసో అయుండొచ్చు. గ్లూకోజ్ మామూలుగా ఉంటే సాధారణంగా వైరస్. ఒక్కోదానికి ఒక్కో మందు. టీబీ అయితే నెలల తరబడి వాడాలి.

అలాగని తప్పంతా బంధువుల మీదికి తోసేయలేం. ముందు స్కాన్, ఆ తర్వాతే సూది, మందులు రిపోర్టు వచ్చాకే అనే వరస కొన్ని ఆస్పత్రుల్లో అలవాటైపోయింది. ఫిట్స్ వచ్చినా, ఒక పక్క చెయ్యీ కాలూ పడిపోయినా, స్పృహ బాగా తగ్గినా ముందు స్కాన్ తీయాల్సిందే. మెదడులో చీముగడ్డ లాంటిది ఉండి ఒత్తిడి పెరిగి ఉంటే నీరు తీయడం ప్రమాదం. కానీ స్కాన్ కోసం యాంటీబయాటిక్ ఎందుకు ఆగాలి? కల్చర్‌కు, అంటే క్రిమిని పెంచి చూసే పరీక్షకు, రక్తం తీసుకుని వెంటనే ఇంజెక్షన్ మొదలుపెట్టొచ్చు. ఆ తర్వాత వెన్ను నీటి కల్చర్‌లో క్రిమి పెరగకపోయినా, కణాల లెక్క, క్రిమి జన్యు పదార్థాన్ని పట్టే పీసీఆర్ పరీక్ష చాలాసార్లు దారి చూపిస్తాయి.

మెడ పట్టేయలేదు కదా, మెనింజైటిస్ (మెదడు పొరల వాపు) కాదులే అనే ధీమా ఇంకొకటి. 2004లో వెలువడిన నెదర్లాండ్స్ అధ్యయనంలో పెద్దవాళ్లకు వచ్చిన 696 బ్యాక్టీరియల్ మెనింజైటిస్ కేసులు చూస్తే జ్వరం, మెడ బిగుసుకోవడం, మతి తప్పడం మూడూ కలిసి కనిపించింది 44 శాతంలోనే. పసిబిడ్డల్లో మెడ సంగతి అసలు తెలియకపోవచ్చు. మాడు ఉబ్బడం, పాలు తాగకపోవడం, కీచుగా ఏడవడం చూడాలి.

హెర్పిస్ అనే వైరస్ వల్ల వచ్చే మెదడువాపు మరీ మోసకారిది. కణతల వైపు మెదడును పట్టుకుంటుంది కాబట్టి మాట తడబడటం, మతిమరుపు, వింత ప్రవర్తన ముందుకొస్తాయి. ఏదో టెన్షన్‌లే అని మానసిక వైద్యుడి దగ్గరికి తీసుకెళ్తారు. మందు పడకపోతే పదిమందిలో ఏడుగురు చనిపోయే జబ్బు ఇది. అందుకే అనుమానం రాగానే, పీసీఆర్ ఫలితం కోసం ఆగకుండా ఆ వైరస్ మందు ఎసైక్లోవిర్ మొదలుపెడతారు. తొలి రెండు మూడు రోజుల్లో ఆ పరీక్ష నెగెటివ్ వచ్చినా అంతటితో మందు ఆపేయకూడదు.

బతికి బయటపడ్డాక కూడా గడువు ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం బ్యాక్టీరియల్ మెనింజైటిస్ వచ్చినవారిలో ప్రతి ఐదుగురిలో ఒకరికి తీవ్రమైన ఇబ్బందులు మిగులుతాయి. వాటిలో చెవుడు ముఖ్యమైనది. లోపలి చెవిలోని నత్తగుల్ల ఆకారపు భాగంలో కొందరికి కొన్ని వారాల్లోనే ఎముక పెరగడం మొదలవుతుంది. అది పూడుకుపోతే కాక్లియర్ ఇంప్లాంట్ (వినికిడి కోసం ఆపరేషన్‌తో అమర్చే పరికరం) తీగను లోపలికి పంపడం కష్టం. కాబట్టి వినికిడి పరీక్ష డిశ్చార్జికి ముందే, కుదరకపోతే నాలుగు వారాల్లోపు జరిగిపోవాలి.