నానోజెల్ పని అయ్యాక ఎటు పోవాలి?

నీటిని పీల్చుకుని ఉబ్బుతుంది, నీటిలో మాత్రం కరగదు. అలాంటి పాలిమర్ (పొడవాటి గొలుసుల్లాంటి అణువుల) వలే హైడ్రోజెల్. ప్రాగ్‌లో ఒట్టో విక్టర్లే, ద్రహోస్లావ్ లిమ్ 1960లో దీన్ని వైద్యానికి ప్రతిపాదించారు. మెత్తటి కాంటాక్ట్ లెన్సులు అలా వచ్చినవే. ఆ వలను కొన్ని పదుల నానోమీటర్లకు కుదిస్తే నానోజెల్ అవుతుంది. మందును లోపల దాచుకుని వెళ్లి, జబ్బు ఉన్నచోటే వదలాలన్నది ఆశ.

ఈ రంగంలో చాలా శ్రమ వేడికి ముడుచుకునే, ఆమ్లానికి తెరుచుకునే జెల్‌ల మీద పడుతోంది. పాలీ-ఎన్-ఐసోప్రొపైల్ యాక్రిలమైడ్ అనే పాలిమర్‌నే చూడండి. దాదాపు 32 డిగ్రీల సెల్సియస్ దాటగానే ముడుచుకుపోయి లోపలి నీటిని వదిలేస్తుంది. ల్యాబ్‌లో చూడముచ్చటైన దృశ్యమే. కానీ దాని కార్బన్ గొలుసు ఒంట్లో తెగదు. మూత్రపిండాలు సుమారు 6 నానోమీటర్ల లోపు రేణువులనే సులువుగా బయటికి పంపుతాయి. అంతకన్నా పెద్దవి చాలావరకు కాలేయం, ప్లీహాల్లో చేరతాయి. నెలల తరబడి ఇంజెక్షన్లు చేయించుకోవాల్సిన క్యాన్సర్ రోగి గురించి ఆలోచిస్తే, పని అయ్యాక జెల్ ఎటు పోవాలన్న ప్రశ్నను చివరికి వదిలేయడం నాకు అన్యాయంగానే కనిపిస్తుంది.

దీనికి దారి ఉంది. వల పోగులను డైసల్ఫైడ్ బంధాలతో, అంటే రెండు గంధకం పరమాణువుల ముడులతో, కలపవచ్చు. ఆ ముడిని విప్పే గ్లూటాథియోన్ అనే చిన్న అణువు ఒంట్లోనే ఉంటుంది. రక్తంలో దాని గాఢత మైక్రోమోలార్ స్థాయిలోనే ఉంటుంది, జీవకణాల లోపల 1 నుంచి 10 మిల్లీమోలార్ (ఒక మిల్లీమోలార్ అంటే వెయ్యి మైక్రోమోలార్లు) దాకా ఉంటుంది. అంటే దారిలో నిలిచే ముడి కణంలోకి వెళ్లాక విడిపోతుంది. మందూ బయటపడుతుంది, వలా విడివడుతుంది. విడివడ్డ పోగులు మూత్రపిండాలు దాటేంత చిన్నవిగా ఉండేలా మొదటి రోజే లెక్క వేసుకోవాలి.

జపాన్‌లో కజునారి అకియోషి బృందం 1990ల మొదట్లో ఎంచుకున్న పద్ధతి నాకు మరీ నచ్చుతుంది. పుల్లులాన్ అనే చక్కెర పాలిమర్‌కు అక్కడక్కడా కొలెస్ట్రాల్ తగిలిస్తే, నీటిలో అవే ముద్దకట్టి 20-30 నానోమీటర్ల జెల్‌లు అవుతాయి. ప్రొటీన్ ఆకారం చెడకుండా లోపల పట్టి ఉంచుతాయి. ధనావేశం చేర్చిన ఇలాంటి జెల్‌తోనే 2010లో టోక్యో పరిశోధకులు బొటులినమ్ అనే బ్యాక్టీరియా విషానికి ముక్కు ద్వారా ఇచ్చే టీకాను ఎలుకల్లో పరీక్షించారు. జెల్ ముక్కు లోపలి పొరకు అతుక్కుని, టీకా ప్రొటీన్‌ను అక్కడి కణాలకు అందించింది. టీకా ప్రభావాన్ని పెంచేందుకు కలిపే అడ్జువెంట్ అవసరమే రాలేదు.

రక్తంలోకి ఎక్కించడమే దారి అనుకునేవాళ్లు ఈ ప్రయోగాన్ని మళ్లీ చదవాలి. పదేళ్ల పరిశోధనలను కలిపి 2016లో వచ్చిన విశ్లేషణ ప్రకారం, ఇచ్చిన నానోకణాల్లో కణితికి చేరేది మధ్యస్థంగా 0.7 శాతమే. మిగతా 99 శాతం ఏమైందన్నది పక్కన పెట్టగలిగే విషయం కాదు. కణితి ఎంత తగ్గిందో చూపే గ్రాఫ్ పక్కనే, పాలిమర్ ఒంట్లోంచి ఎంత పోయిందో చూపే గ్రాఫ్‌ను కూడా జర్నళ్లు, నిధులిచ్చే సంస్థలు తప్పనిసరిగా అడగాలి.