పొడికి పరీక్ష లేదు, శస్త్రచికిత్సకు దారి లేదు

ప్రొటీన్ పొడి డబ్బా కొనడానికి డాక్టరు చీటీ అక్కర్లేదు. మందుల దుకాణంలో, జిమ్ కౌంటర్లో, ఫోనులో ఎక్కడ అడిగినా దొరుకుతుంది. కొనేవారికి మధుమేహం ఉందా, మూత్రపిండాలు సరిగ్గా పనిచేస్తున్నాయా అని ఎవరూ అడగరు. అదే 120 కిలోల బరువుతో, అదుపు తప్పిన చక్కెరతో, నిద్రలో ఊపిరి ఆగి ఉలిక్కిపడి లేచే మనిషి బరువు తగ్గించేందుకు జీర్ణాశయాన్ని చిన్నది చేసే బేరియాట్రిక్ శస్త్రచికిత్స కోసం వెళితే లక్షల రూపాయల ఖర్చు, బీమా సంస్థ కొర్రీలు, ‘నోరు కట్టుకోలేక పొట్ట కోయించుకుంటున్నాడు’ అనే బంధువుల మాటలు ఎదురవుతాయి. బరువు తగ్గాలంటే పొడి మేలా, ఆపరేషన్ మేలా అన్న చర్చ ఇళ్లలో, ఆఫీసుల్లో ఇప్పుడు మామూలైపోయింది. ఈ రెంటినీ ఒకే త్రాసులో పెట్టి చూడడమే తప్పని మేము నమ్ముతున్నాం. ఒకటి ఆహారం. రెండోది ఒక తీవ్రమైన జబ్బుకు చికిత్స. ఆహారాన్ని మందుగా అమ్ముతుంటే, చికిత్సను సోకుగా చూస్తుంటే నష్టపోయేది రోగులే.

తెలుగు రాష్ట్రాలకు ఇది దూరపు విషయం కాదు. 2019-21 మధ్య జరిగిన అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో అధిక బరువు లేదా ఊబకాయం ఉన్నవారు దేశం మొత్తం మీద 24 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో ఆ సంఖ్య 36.3 శాతం, తెలంగాణలో 30.1 శాతం. పురుషుల్లోనూ రెండు రాష్ట్రాల్లో 30 శాతం దాటింది. అదే సర్వేలో రెండు రాష్ట్రాల మహిళల్లో సగం మందికి పైగా రక్తహీనత ఉన్నట్టు తేలింది. ఒంటికి బరువు పెరుగుతోంది, రక్తం చాలడం లేదు. మన పళ్లెంలో లోపం ఎక్కడుందో ఈ రెండు అంకెలు కలిపి చదివితే తెలుస్తుంది.

ఆ లోపం నిజమైనదే కాబట్టి పొడి అమ్మేవారి మాటలు చెల్లుబాటవుతున్నాయి. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాల ప్రకారం మనం తినే శక్తిలో 50 నుంచి 70 శాతం ధాన్యాల నుంచే వస్తోంది. పప్పులు, మాంసం, చేపల వాటా 14 శాతం ఉండాల్సింది, 6 నుంచి 9 శాతమే ఉంటోంది. గిన్నెడు అన్నం మీద పలుచటి పప్పుచారు పోసుకుని, వేపుడుతో ముగించే భోజనంలో కడుపు నిండుతుంది గాని మాంసకృత్తులు చాలవు. మాంసకృత్తులు తగినంత తింటే ఆకలి త్వరగా తీరుతుంది. బరువు తగ్గే క్రమంలో కండ కరిగిపోకుండా నిలుస్తుంది. ఇదంతా శాస్త్రం ఒప్పుకున్న మాటే.

అయితే ఆ మాంసకృత్తులు డబ్బాలోంచే రావాలని ఏ శాస్త్రమూ చెప్పలేదు. ఆరోగ్యవంతులకు కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాములు చాలని మన పోషకాహార ప్రమాణాలే చెబుతున్నాయి. అంటే 70 కిలోల మనిషికి 58 గ్రాములు. ఒక స్కూపు పొడిలో 24, 25 గ్రాములు ఉంటాయని డబ్బా మీద రాస్తారు. దాని ఖరీదు 70 నుంచి 100 రూపాయల దాకా పడుతుంది. ఆరేడు రూపాయల గుడ్లు నాలుగు ఉడకబెట్టుకుంటే అంతే మాంసకృత్తులు ముప్పై రూపాయల లోపే దక్కుతాయి. గుడ్ల ఉత్పత్తిలో దేశంలోనే మొదటి స్థానంలో ఉన్న రాష్ట్రం ఆంధ్రప్రదేశ్. కందిపప్పు, శనగలు, వేరుశనగ, పెరుగు, చేపలు మనకు కొత్తవి కావు. పైగా పొడికి కొవ్వు కరిగించే గుణమేమీ లేదు. గ్రాము మాంసకృత్తులు నాలుగు కేలరీల శక్తినిస్తాయి. మూడు పూటలా ఎప్పటిలాగే తిని, ఆపైన గ్లాసుడు పాలలో అరటిపండు, స్కూపు పొడి కలిపి తాగితే అదనంగా 300 కేలరీలకు పైగా ఒంట్లో చేరతాయి. బరువు తగ్గడానికి తాగింది పెంచడానికే పనికొస్తుంది.

పట్టణాల్లో, ఇప్పుడు మండల కేంద్రాల్లో కూడా, పొద్దున్నే తెరుచుకునే ‘న్యూట్రిషన్ సెంటర్లు’ ఎలా నడుస్తున్నాయో ఒకసారి చూడాలి. అద్దె ఇంటి ముందు గదిలో నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు, ఒక మిక్సీ, వరుసగా డబ్బాలు. గోడ నిండా ‘అప్పుడు’, ‘ఇప్పుడు’ అని జంటగా అతికించిన ఫొటోలు. లోపలికి రాగానే చేతికి ఒక చిన్న యంత్రం ఇచ్చి పట్టుకోమంటారు. 38 ఏళ్ల గృహిణికి ‘మీ శరీరం వయసు 56’ అని చెబుతారు. ఆ అంకె విన్న మనిషి బెదరకుండా ఉండదు. రెండు పూటల భోజనం మాని షేక్ తాగమంటారు. తిండి తగ్గితే బరువు తగ్గుతుంది కాబట్టి మొదటి నెల నాలుగయిదు కిలోలు తగ్గుతుంది కూడా. తగ్గిన ఆమె ఫొటో గోడ మీదికి ఎక్కుతుంది. కొన్నాళ్లకు ఆమే ‘కోచ్’ అయి ఇరుగుపొరుగుకు డబ్బాలు అమ్మడం మొదలుపెడుతుంది. ఆమెలో మోసం లేదు. తనకు మేలు జరిగిందని నిజంగానే నమ్ముతుంది, నలుగురికీ జరగాలని కోరుకుంటుంది. కానీ ఆమెకు వైద్యం తెలియదు. ఎదుట కూర్చున్న మనిషి ఇన్సులిన్ వేసుకుంటున్నారో, గర్భిణో, మూత్రపిండాల పనితీరు చెప్పే క్రియాటినిన్ ఎంత ఉందో ఆమె అడగదు, అడిగినా ఏం చేయాలో తెలియదు. షేక్ ఖర్చు మోయలేక మళ్లీ అన్నం వైపు మళ్లిన రోజున పోయిన బరువు తిరిగి వస్తుంది. అప్పుడు తీసిన ఫొటో మాత్రం ఏ గోడ మీదా ఉండదు.

డబ్బాలో ఉన్నది డబ్బా మీద రాసినదేనా అన్నది మరో ప్రశ్న. మన మార్కెట్లో అమ్ముడవుతున్న 36 రకాల ప్రొటీన్ పొడులను పరీక్షించి 2024లో ప్రచురించిన అధ్యయనంలో దాదాపు 70 శాతం పొడుల్లో మాంసకృత్తుల వివరాలు సరిగ్గా లేవని తేలింది. 14 శాతం నమూనాల్లో బూజు నుంచి పుట్టే అఫ్లాటాక్సిన్ అనే విషం, 8 శాతంలో పురుగుమందుల అవశేషాలు కనిపించాయి. దీర్ఘకాలం ఎక్కువ మోతాదులో ప్రొటీన్ పొడులు వాడితే ఎముకల్లో ఖనిజాలు తగ్గే ప్రమాదం, మూత్రపిండాలు దెబ్బతినే ప్రమాదం ఉన్నాయని జాతీయ పోషకాహార సంస్థ హెచ్చరించింది. మూత్రపిండాల జబ్బు చాలా దూరం వెళ్లే దాకా బయటపడదు. ఉద్దానం వంటి ప్రాంతమున్న రాష్ట్రంలో, మధుమేహులు ఇంతమంది ఉన్న సమాజంలో, ఒక్క రక్త పరీక్ష కూడా లేకుండా నెలల తరబడి ఈ పొడులు తాగించడాన్ని ప్రభుత్వాలు చూస్తూ ఊరుకోవడం మాకు ఏమాత్రం సమ్మతం కాదు.

ఇక శస్త్రచికిత్స. దీనిపై మన సమాజంలో ఉన్న అపోహలు తొలగాలి. శరీరం పెరిగిన బరువును కాపాడుకోవడానికే ప్రయత్నిస్తుంది. తిండి తగ్గించి బరువు తగ్గినవారిలో ఆకలి పుట్టించే హార్మోన్లు పెరుగుతాయి, శక్తి ఖర్చు తగ్గుతుంది. పది కిలోలు ఎక్కువున్నవారు పట్టుదలతో దీన్ని దాటగలరేమో. యాభై, అరవై కిలోలు ఎక్కువున్నవారిలో చాలామందికి అది సాధ్యం కాదు. ఇది బద్ధకం కాదు. బేరియాట్రిక్ శస్త్రచికిత్సల్లో ఒకటైన స్లీవ్ గ్యాస్ట్రెక్టమీలో జీర్ణాశయాన్ని సుమారు 75 నుంచి 80 శాతం తొలగించి సన్నని గొట్టంలా మిగుల్చుతారు. ఆకలి హార్మోను గ్రెలిన్ ఎక్కువగా తయారయ్యే భాగం దాంతోపాటే పోతుంది. మరో రకమైన గ్యాస్ట్రిక్ బైపాస్‌లో చిన్న సంచిలా మిగిల్చిన జీర్ణాశయాన్ని పేగు కింది భాగానికి కలుపుతారు. చాలామందికి ఆపరేషన్ తర్వాత కొద్ది రోజులకే, బరువు పెద్దగా తగ్గకముందే, చక్కెర అదుపులోకి రావడం వైద్యులు చూస్తున్నారు. స్వీడన్‌లో 1987లో మొదలై నాలుగు వేల మందికి పైగా రోగులను ఏళ్ల తరబడి గమనించిన అధ్యయనంలో, శస్త్రచికిత్స చేయించుకున్నవారిలో మరణాలు మిగతావారి కంటే దాదాపు పావు వంతు తక్కువని 2007లో తేల్చారు. ఏ పొడికీ ఇలాంటి ఆధారం లేదు.

మరి భయం ఎందుకు? కొంత భయానికి అర్థం ఉంది. తెలుగు ప్రేక్షకులు అభిమానించిన నటి ఆర్తి అగర్వాల్ 2015 జూన్‌లో అమెరికాలో 31 ఏళ్లకే మరణించారు. అంతకు కొన్ని వారాల ముందు లైపోసక్షన్ చేయించుకున్నారన్న వార్త ఇంటింటా చర్చకు వచ్చింది. ఆనాటి నుంచి ‘బరువు ఆపరేషన్’ అనగానే ఆ పేరు చెప్పేవారున్నారు. లైపోసక్షన్ చర్మం కింది కొవ్వును తీసేసి ఆకృతి సరిచేసే ప్రక్రియ. మధుమేహాన్ని, నిద్రలో ఊపిరి ఆగే జబ్బును అది బాగుచేయదు. బేరియాట్రిక్ శస్త్రచికిత్స వేరు. ఇది చెప్పాల్సిన బాధ్యత వైద్యులతో పాటు పత్రికలదీ. అయితే బేరియాట్రిక్ శస్త్రచికిత్స కూడా ప్రమాదం లేనిది కాదు. 2024 ఏప్రిల్‌లో చెన్నై శివారులోని ఒక ఆసుపత్రిలో ఈ శస్త్రచికిత్సకు వెళ్లిన యువకుడు ప్రాణాలు కోల్పోయాడు. విచారణ తర్వాత తమిళనాడు ఆరోగ్యశాఖ ఆ ఆసుపత్రి అనుమతిని తాత్కాలికంగా నిలిపివేసింది. అనుభవమున్న బృందం, సరైన ఐసీయూ, మత్తు వైద్య నిపుణులు లేనిచోట ఈ కత్తి పట్టడం నేరమే. తక్కువ ధర ప్యాకేజీ చూసి ఆసుపత్రిని ఎంచుకోవద్దని పాఠకులను కోరుతున్నాం.

ఆపరేషన్‌తో అంతా అయిపోదన్న సంగతి కూడా ప్రకటనలు చెప్పవు. బీ12, ఇనుము, కాల్షియం, విటమిన్ డి మాత్రలు జీవితాంతం వేసుకోవాలి. ఏటా పరీక్షలు చేయించుకోవాలి. స్లీవ్ తర్వాత కొందరికి ఛాతీలో మంట పట్టుకుంటుంది. వేగంగా బరువు తగ్గేవారిలో పిత్తాశయంలో రాళ్లు వస్తాయి. పిల్లలు కావాలనుకునే మహిళలు ఏడాది, ఏడాదిన్నర ఆగాలి. పాత అలవాట్లకు తిరిగి వెళితే బరువూ తిరిగి వస్తుంది. ఇక్కడే ప్రొటీన్ పొడికి అసలు చోటు దొరుకుతుంది. శస్త్రచికిత్స తర్వాత కొన్ని వారాల పాటు రోగి ఒక పూట నాలుగు ముద్దలు కూడా తినలేడు. రోజుకు 60 నుంచి 80 గ్రాముల మాంసకృత్తులు అందకపోతే కండ కరిగిపోతుంది, జుట్టు రాలుతుంది. కాబట్టి ద్రవాహారం మీద ఉన్నంతకాలం వైద్యులే పొడి రాసిస్తారు, ఎన్ని గ్రాములో డైటీషియన్ లెక్క కట్టి చెబుతారు. వృద్ధులకు, కాలిన గాయాలతో ఉన్నవారికి, తినలేని రోగులకు కూడా ఇలాగే. వైద్యుల పర్యవేక్షణలో తాగే ఆ పొడిని మేము తప్పుపట్టడం లేదు.

2025లో మన మార్కెట్లోకి వచ్చిన బరువు తగ్గించే మౌంజారో, వెగోవీ ఇంజెక్షన్లు మూడో దారి తెరిచాయి. వాటి గురించి వేరుగా రాయాల్సినంత ఉంది. పొడిని ఎవరూ అడ్డుకోని రీతిలోనే వాటినీ వదిలేస్తే మాత్రం మరింత ముప్పు.

ప్రభుత్వాలు చేయాల్సిన పనికి చట్టాలు ఇప్పటికే ఉన్నాయి. ఊబకాయం నయం చేస్తామనే మందుల ప్రకటనలను 1954 నాటి చట్టమే నిషేధించింది. ఆహార పదార్థాలకు రోగాలు తగ్గించే గుణం అంటగట్టే ప్రకటనలపై 2018 ఆహార భద్రతా నిబంధనలు ఉన్నాయి. అమలు చేసేవారే కరవయ్యారు. ఆహార భద్రతాధికారులు హోటళ్ల వంటగదుల్లోకి వెళుతున్నారు, మంచిదే. షేకులు కలిపే గదుల్లోకీ వెళ్లాలి. నమూనాలు తీసి, ఏ కంపెనీ పొడిలో ఏముందో పేర్లతో సహా జనానికి తెలుగులో చెప్పాలి. అలాగే రెండు రాష్ట్రాల్లో బేరియాట్రిక్ శస్త్రచికిత్సలు చేసే ప్రతి ఆసుపత్రీ ఎన్ని చేసింది, ఎందరికి ఇబ్బందులు వచ్చాయి అన్న వివరాలు ఏటా బయటపెట్టేలా ఆదేశించాలి. 2022లో ఉస్మానియా ఆసుపత్రి వైద్యులు తీవ్ర స్థూలకాయంతో బాధపడుతున్న యువకుడికి ఈ శస్త్రచికిత్స విజయవంతంగా చేశారు. ప్రభుత్వ ఆసుపత్రుల్లో సాధ్యమేనని రుజువయింది. విశాఖ కేజీహెచ్‌లో, వరంగల్ ఎంజీఎంలో, తిరుపతి, కర్నూలు ఆసుపత్రుల్లో నిపుణుల బృందాలను ఏర్పాటు చేసి దాన్ని నిరుపేదలకు అందుబాటులోకి తేవాలి.

అన్నింటికంటే ముందు కదలాల్సింది బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ. దాని నిబంధనల ప్రకారం బీఎంఐ (ఎత్తుకు బరువు ఎంత ఉందో చెప్పే సూచీ) 40 లేదా ఆపైన ఉంటేనే, లేదా 35 చేరి తీవ్రమైన గుండె జబ్బు, నిద్రలో ఊపిరి ఆగే జబ్బు, అదుపులేని మధుమేహం వంటివి ఉంటేనే ఈ శస్త్రచికిత్సకు బీమా చెల్లిస్తారు. ఇవి 1991లో అమెరికాలో పెట్టుకున్న అంకెలు. వాటిని అమెరికా శస్త్రచికిత్స నిపుణుల సంఘం, అంతర్జాతీయ సంఘం 2022లోనే సవరించాయి. ఆసియా వాసులకు బీఎంఐ 27.5 నుంచే దీని గురించి ఆలోచించవచ్చని చెప్పాయి. తక్కువ బరువుకే మనకు మధుమేహం వస్తుందన్నది దశాబ్దాలుగా తెలిసినదే. 160 సెంటీమీటర్ల ఎత్తు, 84 కిలోల బరువుతో, ఇన్సులిన్ వేసుకుంటున్నా చక్కెర దిగని మహిళకు ఈనాటి నిబంధన కింద పైసా రాదు. మరో ఆరు కిలోలు పెరిగితే అర్హత వస్తుంది. వైద్యం పొందాలంటే జబ్బు ముదరబెట్టుకోవాలని చెప్పే నిబంధన ఇది. ఐఆర్‌డీఏఐ ప్రధాన కార్యాలయం గచ్చిబౌలిలో ఉంది, పోషకాహార సంస్థ తార్నాకలో ఉంది. ఒకే నగరంలోని ఈ రెండు సంస్థలూ శస్త్రవైద్యులను కలుపుకుని కూర్చుంటే ఆ అంకెలను భారతీయుల దేహాలకు తగ్గట్టు సవరించవచ్చు. దానికి పార్లమెంటు ఆమోదం అక్కర్లేదు, ఐఆర్‌డీఏఐ ఉత్తర్వు చాలు.