లారీ ఇన్సూరెన్స్ సగానికి తగ్గదు, ఆ మెసేజ్ పంపడం ఆపండి

లారీ ఇన్సూరెన్స్ సగానికి తగ్గించుకోవచ్చనే ఆ మెసేజ్ మళ్ళీ వచ్చింది. ఈసారి మా బావమరిది పంపాడు, "బావా, మన బండికి పనికొస్తుందేమో చూడు" అంటూ. 'లారీ ఓనర్లూ మేలుకోండి! ఏజెంట్లు చెప్పని 6 నిజాలు' అని పైన, 'పది గ్రూపులకు పంపండి' అని కింద. ఇరవై ఏళ్ళుగా బండ్లు తిప్పుతున్నవాళ్ళు కూడా దీన్ని పంపుతున్నారు చూడండి, అక్కడ ఒళ్ళు మండుతుంది.

'థర్డ్ పార్టీ కంపెనీ ఇష్టం, గట్టిగా బేరమాడితే దిగుతారు' అన్నది మొదటి నిజమట. ఎవరితో బేరమాడతారు? థర్డ్ పార్టీ, అంటే మన బండి వల్ల ఎదుటివాళ్ళకి జరిగే నష్టానికి తప్పనిసరిగా తీయాల్సిన ఇన్సూరెన్స్, దాని రేటు కేంద్ర రవాణా శాఖ నోటిఫై చేస్తుంది. 2022 జూన్ 1 నుంచి అమల్లోకి వచ్చిన పట్టికలో కిరాయికి తిరిగే బండి 12 టన్నులు దాటి 20 లోపైతే 35,313, 20 దాటి 40 లోపైతే 43,950. ఏ కంపెనీ గుమ్మం ఎక్కినా అదే అంకె. బరువంటే ఆర్‌సీలో రాసి ఉన్న జీవీడబ్ల్యూ (బండి, సరుకు కలిపి ఉండొచ్చిన మొత్తం బరువు), మీరు ఆ రోజు ఎత్తిన లోడు కాదు.

రెండోది, 'ఇన్సూరెన్స్ మీద జీఎస్టీ ఎత్తేశారు, ఏజెంట్లు మింగుతున్నారు'. 2025 సెప్టెంబరు 22న ఎత్తేసింది మనుషుల సొంత లైఫ్, హెల్త్ పాలసీల మీద. లారీ థర్డ్ పార్టీ మీద 12 శాతం నుంచి 5కి తగ్గించారు, ఓడీ, అంటే మన బండికే జరిగే డ్యామేజీకి కట్టే భాగం, దాని మీద 18 అలాగే ఉంది. 43,950 కట్టే పది టైర్ల బండికి మూడు వేల చిల్లర మిగులుతుంది. మంచిదే, కానీ ఎత్తేయడం కాదు.

'క్లెయిమ్ లేకపోతే మొత్తం ప్రీమియంలో 50 శాతం బోనస్'. ఓడీలో మాత్రమే, అదీ వరసగా ఐదేళ్ళు క్లెయిమ్ లేకపోతేనే. 'హైదరాబాద్ నంబరు కాకుండా జిల్లా నంబరు వేయిస్తే సగం'. జోన్ తేడా ఓడీలోనే, అదీ టీ ఖర్చులంత. వదిలేయండి.

ఐదోది 'ఐడీవీ తక్కువ చూపించు, ఐఎంటీ 23 తీసేయ్'. ఐడీవీ అంటే పాలసీలో బండికి రాసే విలువ. ఇరవై లక్షల బండిని పన్నెండుకి చూపించారనుకోండి. రిపేరు ఖర్చు ఐడీవీలో 75 శాతం దాటితే టోటల్ లాస్ (బండి పూర్తిగా పోయినట్టే లెక్క), అంటే మీ బండికి తొమ్మిది లక్షల బిల్లుకే కథ ముగుస్తుంది. చేతికి ఆ పన్నెండే, అందులో కోతలు పోను. ఇక ఐఎంటీ 23, అంటే బంపర్, లైట్ల లాంటి భాగాలకి తీసుకునే అదనపు కవర్, దానికి ఓడీ మీద 15 శాతం ఎక్కువ పడుతుంది, నిజమే. అది లేకుండా బంపర్, హెడ్‌లైట్లు, మడ్‌గార్డులు పోతే నష్టం లెక్కగట్టడానికి వచ్చే సర్వేయర్ వాటి పక్కన సున్నాలు వేసుకుంటూ పోతాడు. లారీకి ముందు తగిలేవే అవి.

ఇక ఆరోది. అసలు ఇది రాయడమే దానికోసం. 'పది టైర్ల బండికి 8 వేలకే పాలసీ, రోడ్డు మీద కాగితమే చూస్తారు, దొరికినా ఫైన్ 2,000' అని చెప్పి కింద ఓ ఫోన్ నంబరు.

ఎనిమిది వేలకి ఎలా వస్తుందో చెప్తా. మీ లారీ నంబరు మీద బైకు పాలసీ తీస్తారు. 75 సీసీ దాటి 150 లోపు బైకుకి థర్డ్ పార్టీ 714 రూపాయలు. వచ్చిన పీడీఎఫ్‌లో వాహనం రకం, బరువు, ప్రీమియం మార్చి ప్రింటు తీసి మీ చేతిలో పెడతారు. పాలసీ నంబరు అసలుదే, కంపెనీ లోగో అసలుదే. మా ఊళ్ళో ఒకాయన దాచుకున్న కాగితం చూశాను. బరువు దగ్గర 28500 అన్న అంకె మిగతా అక్షరాలకన్నా లావుగా, గీత కిందికి జారి ఉంది. మూలనున్న క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే టూ వీలర్ పాలసీ అని వచ్చింది. పాపం, లామినేషన్ కూడా చేయించుకున్నాడు.

రోడ్డు మీద కాగితమే చూస్తారా? ఒడిశాలో టోల్ గేట్ దగ్గర కెమెరాయే నంబరు చదివి, ఇన్సూరెన్స్ లేకపోతే చలానా పంపుతోంది. ఇచ్ఛాపురం దగ్గర ఒడిశా బోర్డర్ దాటే బండ్లకి ఈ సంగతి తెలియాలి.

ఫైన్ 2,000 అన్నది మాత్రం నిజమే, మొదటిసారికి. మనిషి చనిపోతే యాక్సిడెంట్ పరిహారం తేల్చే ట్రైబ్యునల్ వేసే మొత్తానికి పరిమితి లేదు. పోయినవాడి వయసు, సంపాదన, అతని మీద ఆధారపడ్డవాళ్ళని బట్టి కడతారు. డ్రైవర్ లైసెన్సులో తేడా ఉంటే, ముందు కంపెనీని కట్టమని, తర్వాత ఓనర్ దగ్గర రాబట్టుకోమని కోర్టులు చెప్పిన కేసులున్నాయి. పాలసీయే లేని చోట కంపెనీ ఎందుకు కడుతుంది? 'ఈ లారీని మేం ఇన్సూర్ చేయలేదు' అని ఒక్క ముక్క రాసి పక్కకు తప్పుకుంటుంది. అప్పుడు జప్తుకి వచ్చేది మీ బండి, మీ ఇల్లు, మీ పొలం. మీరు గుద్దినవాడి పెళ్ళాంబిడ్డలకి మీరు కట్టగలిగినంతే దక్కుతుంది. ఈ సంగతి మెసేజ్‌లో ఏడో నిజంగా రాయొచ్చుగా! ఫోర్జరీ కేసు అదనం, దానికి జీఎస్టీ లేదు.

ఇంత తిట్టాక ఒకటి ఒప్పుకోవాలి. మెసేజ్ చివర్లో ఒక ప్రశ్న ఉంది: పదేళ్ళుగా గీత కూడా పడని ఓనరూ, ఏటా ఎవరినో ఒకరిని గుద్దే ఓనరూ ఒకే థర్డ్ పార్టీ ఎందుకు కట్టాలి? నా దగ్గర జవాబు లేదు. కిరాయిల్లేక నెలల తరబడి యార్డులో నిలబడ్డ బండికీ, విజయవాడ నుంచి కోల్‌కతాకి ఆగకుండా తిరిగే బండికీ అదే 43,950. డ్రైవర్ రికార్డు చూసి రేటు వేయమని అసోసియేషన్ ఢిల్లీకి లెటర్ రాస్తే మొదటి సంతకం నాది. ఆ ఒక్క పేరా కత్తిరించి పంపండి, నేనూ పది గ్రూపుల్లో వేస్తాను.