గుప్తభక్తుల రాజ్యాంగం

అమెరికాను స్థాపించిన పెద్దలు దానిని క్రైస్తవ దేశంగా సంకల్పించారా, లేదా అన్న వివాదంలో నేను సంకల్పించారనే పక్షాన నిలబడదలచుకున్నాను. ఈ పక్షానికి జనబలం తక్కువేమీ కాదు. 2022లో ప్యూ పరిశోధన సంస్థ జరిపిన సర్వేలో అక్కడి వయోజనుల్లో నూటికి 60 మంది ఇదే మాట చెప్పారు. చిక్కల్లా ఆధారాలతోనే వచ్చింది. ఆ పెద్దమనుషులు తమ సంకల్పాన్ని ఎక్కడా కాగితం మీద పెట్టకపోగా, దానికి సరిగ్గా ఎదురైన మాటలను పలుచోట్ల సంతకాలతో సహా రాసిపెట్టి పోయారు. తొందరపాటు చరిత్రకారులు దీనిని చూసి వారికి అలాంటి సంకల్పమే లేదని తేల్చేశారు. నా నిర్ధారణ వేరు. కుడిచేయి చేసే ధర్మం ఎడమచేతికి తెలియకూడదనీ, గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుని రహస్యంగా ప్రార్థించాలనీ మత్తయి సువార్త చెబుతుంది. ఆ ఉపదేశాన్ని రాజ్యాంగ రచనకు సైతం వర్తింపజేసి, తమ క్రైస్తవ్యం సాటి క్రైస్తవులకైనా తెలియనంత జాగ్రత్తగా దాచిన మహాభక్తులు వారని నేను నిరూపించబోతున్నాను.

ముందుగా రాజ్యాంగం రాసిన ఫిలడెల్ఫియా సభను పరిశీలిద్దాం. 1787 మే నుంచి సెప్టెంబరు దాకా, తలుపులు మూసుకుని, లోపలి మాట బయటికి పొక్కరాదని కట్టుబాటు చేసుకుని ప్రతినిధులు చర్చలు సాగించారు. సువార్త ఆదేశంలో మొదటి సగం దీనితో నెరవేరింది. రెండో సగమైన ప్రార్థన జూన్ 28న గాని ప్రస్తావనకు రాలేదు. ప్రాతినిధ్యం విషయంలో చిన్న రాష్ట్రాలకూ పెద్ద రాష్ట్రాలకూ తగవు ముదిరి సభ చెడేలా ఉన్న ఆ రోజున, 81 ఏళ్ళ బెంజమిన్ ఫ్రాంక్లిన్, దేవుని ఎరుక లేకుండా పిచ్చుకైనా నేల రాలనప్పుడు ఆయన తోడు లేకుండా ఒక సామ్రాజ్యం లేచి నిలబడగలదా అని అడిగి, ఇకపై ప్రతి ఉదయం ఊళ్ళోని పాదిరీలలో ఒకరిని పిలిపించి ప్రార్థన చేయిద్దామని ప్రతిపాదించాడు. నా పక్షపు ఉపన్యాసకులు సాధారణంగా ఇక్కడ గొంతు పూడుకుపోయి ఆగిపోతారు. ఆగకపోతే తర్వాత జరిగినది కూడా చెప్పాల్సి వస్తుంది. ఇన్నాళ్ళూ లేని ప్రార్థన ఇప్పుడు మొదలుపెడితే లోపల ఏదో గొడవ జరుగుతోందని జనం అనుకుంటారని అలెగ్జాండర్ హామిల్టన్, మరికొందరు జంకారు. నార్త్ కరోలినా ప్రతినిధి హ్యూ విలియమ్సన్ లేచి, ఇంతకాలం ప్రార్థన లేకపోవడానికి అసలు కారణం అందరికీ తెలిసిందేననీ, పాదిరీకి ఇవ్వడానికి సభ దగ్గర డబ్బు లేదనీ సెలవిచ్చాడు. ఓటు దాకా పోకుండానే సభ వాయిదా పడింది. ముగ్గురో నలుగురో తప్ప మిగిలిన వారంతా ప్రార్థన అనవసరమనుకున్నారని ఫ్రాంక్లిన్ తన ప్రసంగ ప్రతి అడుగున రాసుకున్నాడు. పాదిరీకి ఇవ్వాల్సిన నాలుగు డబ్బులకు నిధుల కొరత చూపించి, ఆ సాకు చాటున ఒక క్రైస్తవ దేశాన్ని చడీచప్పుడూ లేకుండా నిర్మించడం సామాన్యులకు సాధ్యమయ్యే పని కాదు.

ఆ సభ తయారుచేసిన రాజ్యాంగంలో దేవుడు కనిపించడు. ప్రభుత్వ పదవికి మతపరమైన పరీక్షను అర్హతగా పెట్టరాదనే నిషేధం ఆరో అధికరణంలో కనిపిస్తుంది. నాలుగేళ్ళ తర్వాత, 1791లో, మతస్థాపనకు సంబంధించి కాంగ్రెసు ఏ చట్టమూ చేయరాదనే మొదటి సవరణ దానికి తోడయింది. ఇంత దట్టమైన మౌనంలో మా పక్షానికి దొరికిన గట్టి ఆధారం ఒక్కటే. సంతకాల పైన తేదీ వేసేటప్పుడు వారు 'మన ప్రభువు సంవత్సరం 1787' అని రాశారు. తేదీని బట్టి మతం తేల్చేటట్లయితే తిరుమల తిరుపతి దేవస్థానం ఏటా అచ్చువేసే క్యాలెండరును కూడా క్రైస్తవ సాహిత్యంలో చేర్చాలి కదా అని గిట్టనివారు అడుగుతారు. ఇలాంటి కుతర్కాలకు జవాబు చెప్పి మనం స్థాయి దిగజార్చుకోనవసరం లేదు.

రాజ్యాంగంలో దేవుణ్ణి స్పష్టంగా పేరుపెట్టి పిలిచిన అమెరికన్లు లేకపోలేదు. 1861లో బానిసత్వాన్ని కాపాడుకోవడానికి వేరుపడిన దక్షిణాది రాష్ట్రాల వారు, పాత రాజ్యాంగాన్నే ఎక్కువ భాగం ఎత్తిరాసుకుంటూ, పీఠికలో మాత్రం సర్వశక్తిమంతుడైన దేవుని అనుగ్రహాన్నీ మార్గదర్శకత్వాన్నీ వేడుకుంటున్నామని కొత్తగా చేర్చారు. పాత పత్రంలో ఆ లోటు ఉందని వారికి తెలిసినట్టే కదా. నాలుగేళ్ళు తిరిగేసరికి ఆ రాజ్యాంగమూ లేదు, ఆ రాజ్యమూ లేదు. ఈ ఉదాహరణను బహిరంగ సభల్లో వాడవద్దని నా పక్షం వారికి విన్నపం.

ఇక థామస్ జెఫర్సన్ సంగతి. ఈయన గుప్తభక్తి మిగతా అందరినీ మించిపోయింది. 1820 ప్రాంతంలో, అధ్యక్ష పదవి దిగిపోయి ఇంటి దగ్గరున్న రోజుల్లో, బైబిలులోని కొత్త నిబంధన ప్రతులు ఆరు తెప్పించుకున్నాడు. కాగితానికి రెండు వైపులా అక్షరాలుంటాయి గనుక ఒక పుట కోస్తే వెనుక పుట పోతుంది, అందుకని ప్రతిదీ రెండేసి (గ్రీకు, లాటిన్ ఒకే సంపుటంలో ఉండేవి). పదునైన కత్తితో యేసు బోధల్లో తనకు నచ్చిన వాక్యాలను వరసగా కోసి, గ్రీకు, లాటిన్, ఫ్రెంచి, ఇంగ్లీషు భాషల్లో నాలుగు నిలువు వరసలుగా తెల్లకాగితాల మీద అంటించాడు. నీళ్ళు ద్రాక్షారసం కావడం, యేసు సముద్రం మీద నడవడం, దూత వచ్చి మరియకు శుభవార్త చెప్పడం, ఇవన్నీ కోసిన పుస్తకాల్లోనే ఉండిపోయాయి. అంటించిన పుస్తకం, సమాధి ద్వారానికి పెద్ద రాయి దొర్లించి అందరూ వెళ్ళిపోవడంతో ముగుస్తుంది. యేసు తిరిగి లేచిన ఆ ఆదివారం తెల్లవారదు. శ్రద్ధగా ఆలోచిస్తే, బైబిలును ఇంత దగ్గరగా, వాక్యం వాక్యంగా, చేత్తో పట్టుకుని మరీ చదివిన అధ్యక్షుడు ఇంకొకరు దొరకడం కష్టం. 1904లో ప్రభుత్వమే దీనిని అచ్చువేయించి కాంగ్రెసు సభ్యులకు పంచిపెట్టింది.

మతానికీ ప్రభుత్వానికీ మధ్య గోడ అన్న మాట కూడా ఈయనదే. 1802 జనవరి 1న కనెక్టికట్ రాష్ట్రంలోని డాన్‌బరీ బాప్టిస్టులకు రాసిన జాబులో అది ఉంది. ఇక్కడ నన్ను నిజంగా ఇబ్బంది పెట్టే విషయం ఒకటుంది. గోడ కావాలని ఎక్కువగా మొరపెట్టుకున్నది నాస్తికులు కారు, బాప్టిస్టులు. వర్జీనియాలో అధికారిక సంఘం ఆంగ్లికన్లది, అంటే ఇంగ్లండు చర్చి వారిది కావడంతో, అనుమతి లేకుండా ప్రసంగించిన బాప్టిస్టు బోధకులను చెరసాలలో వేసేవారు. పొరుగు కౌంటీలో అలా మగ్గుతున్న వారిని గురించి, తర్వాత రాజ్యాంగ రచనలో ముఖ్యుడైన జేమ్స్ మాడిసన్ 1774లోనే స్నేహితుడికి మండిపడుతూ రాశాడు. మసాచుసెట్స్‌లో సంఘపోషణకు పన్ను కట్టించుకునే ఏర్పాటు 1833 దాకా సాగింది. అధికార మతమున్న రాష్ట్రాలు అప్పట్లో ఉండేవన్నది మా పక్షానికి నిజంగా పనికొచ్చే చారిత్రక సత్యమే. ఆ మతం ఎవరి వీపు మీద మోగిందో అడగకుండా ఉండే శ్రోతలు దొరికితే చాలు. అవతలి పక్షం వారికీ ఒక మాట. స్థాపకులందరినీ నాస్తికుల పద్దులో రాసేసే మీరు, అదే జెఫర్సన్ అధ్యక్షుడిగా ఉండగా ప్రతినిధుల సభా మందిరంలోనే జరిగిన ఆదివారపు ఆరాధనలకు వెళ్ళేవాడన్న సంగతిని ఎక్కడ దాచుకున్నారో చెప్పాలి.

జార్జి వాషింగ్టన్ వినయం గురించి రెండు మాటలు సరిపోతాయి. ఫిలడెల్ఫియాలో ప్రభురాత్రి భోజన సంస్కారానికి ముందే ఆయన లేచి వెళ్ళిపోయేవాడు. పెద్దలే ఇలా చేస్తే ఎలా అని పాదిరీ ప్రసంగంలో చురక వేశాక, ఆ సంస్కారం ఉన్న ఆదివారాల్లో అసలు రావడమే మానుకున్నాడు.

ఇంతటి గోప్యతా ఒక్కసారి విదేశీయుల ముందు హద్దు మీరింది. అమెరికా ఓడలను పట్టుకుంటున్న, ఉత్తర ఆఫ్రికాలోని ముస్లిం రాజ్యమైన ట్రిపోలీ పాలకులతో 1796లో కుదిరిన ఒప్పందపు ఇంగ్లీషు ప్రతి 11వ అధికరణంలో, అమెరికా ప్రభుత్వం ఏ విధంగానూ క్రైస్తవ మతం మీద స్థాపితమైనది కాదని రాశారు. 1797 జూన్‌లో సెనేటు దానిని ఒక్క వ్యతిరేక ఓటైనా లేకుండా ఆమోదించింది. అధ్యక్షుడు జాన్ ఆడమ్స్ సంతకం చేశాడు. ఆ అధికరణం అరబిక్ ప్రతిలో లేదని మా పక్షం పండితులు కనిపెట్టి సంబరపడుతుంటారు. అంటే ట్రిపోలీ వారిని మభ్యపెట్టడానికి రాసిన మాట ట్రిపోలీ వారికి అందలేదు, సెనేటర్లకు మాత్రం అందింది. ఈ వాదనను ఇంకొంచెం సానబట్టాలి.

పూర్వీకులు వినయంతో వదిలిన ఖాళీలను పూరించే బాధ్యత వారసులది. దేవునిపై మా నమ్మకమనే వాక్యం అంతర్యుద్ధ కాలంలో, 1864లో, రెండు సెంట్ల నాణెం మీదికి ఎక్కింది, 1956లో జాతీయ నినాదమైంది. బడిపిల్లలు చదివే జెండా ప్రతిజ్ఞను 1892లో రాసినవాడు స్వయంగా బాప్టిస్టు బోధకుడే అయినా దేవుణ్ణి అందులో చేర్చడం తోచలేదు. 1954లో, కమ్యూనిస్టుల మీద కోపంతో, కాంగ్రెసు ఆ కొరత తీర్చింది. 2024లో లూసియానా రాష్ట్ర ప్రభుత్వం ప్రభుత్వ విద్యాసంస్థల్లోని ప్రతి తరగతి గదిలో పది ఆజ్ఞలను కనీసం 11 అంగుళాల వెడల్పు, 14 అంగుళాల ఎత్తున వేలాడదీయాలని చట్టం చేస్తూ, దేశ భవిష్యత్తునంతా పది ఆజ్ఞల మీదే నిలిపామని మాడిసన్ అన్నట్టుగా ఆ చట్టంలోనే ఉటంకించింది. మాడిసన్ రాతల్లో ఆ మాటలు ఎక్కడా కనిపించవు. కనిపించే మాటలు వేరే ఉన్నాయి. క్రైస్తవ బోధకుల జీతాలకు పన్ను వేయాలన్న ప్రతిపాదనను ఎదిరిస్తూ 1785లో ఆయన, పదిహేను శతాబ్దాల అధికార క్రైస్తవం ఇచ్చిన ఫలం ఏమిటని అడిగి, బోధకుల్లో గర్వం, సోమరితనం, జనంలో అజ్ఞానం, దాస్యం, ఇరువురిలోనూ మూఢత్వం, మతద్వేషం, హింస అని తానే జవాబిచ్చాడు. పద్నాలుగు అంగుళాల ఎత్తులో ఇది కూడా హాయిగా పడుతుంది.

మన వాళ్ళకు ఈ గొడవతో ఏం పని అనుకోవడానికి వీల్లేదు. 2000 సెప్టెంబరు 14న, వాజ్‌పేయి ప్రసంగానికి వచ్చిన రోజున, అమెరికా ప్రతినిధుల సభలో మొట్టమొదటి హిందూ ప్రార్థన చేసినది ఒహాయో రాష్ట్రం పార్మాలోని శివవిష్ణు ఆలయ పూజారి సముద్రాల వేంకటాచలపతి. ఆ ఇంటిపేరును తెలుగువారికి పరిచయం చేయనక్కర్లేదు. మతస్వేచ్ఛ అందరికీ ఉన్నమాట నిజమే కానీ ఇతర మతాలను క్రైస్తవంతో సమానంగా కూర్చోబెట్టాలన్నది ఎన్నడూ ఉద్దేశం కాదని ఒక క్రైస్తవ సంస్థ అప్పుడే ఆక్షేపించింది. 2007లో సెనేటులో హిందూ ప్రార్థన జరుగుతుండగా సందర్శకుల వరసలోంచి కేకలు వేసిన ముగ్గురిని పోలీసులు తీసుకుపోయారు.

ఇక్కడ ఒక పాత కాగితం అడ్డొస్తున్నది. జెఫర్సన్ 1821లో తన జీవితకథ రాసుకుంటూ, 1786 నాటి వర్జీనియా మతస్వేచ్ఛ చట్టం పీఠికలో యేసుక్రీస్తు పేరు చేర్చాలన్న సవరణను శాసనసభ భారీ ఆధిక్యంతో తిరస్కరించిందని చెప్పాడు. యూదుడూ అన్యజనుడూ, క్రైస్తవుడూ మహమ్మదీయుడూ, హిందువూ, ఏ తెగకు చెందిన అవిశ్వాసి అయినా ఆ చట్టం నీడకు రావాలన్నదే వారి ఉద్దేశమని కూడా రాశాడు. ఉద్దేశం అన్న మాటే వాడాడు, అదీ ఒక స్థాపకుడు, సొంత దస్తూరీతో. ఆ వాక్యం ఉన్నంతకాలం మా సిద్ధాంతం నిలదొక్కుకోవడం కష్టం గనుక, పదునైన కత్తి ఒకటి, జీవితకథ ప్రతులు రెండు తెప్పించవలసిందిగా మా కార్యవర్గానికి సిఫారసు చేస్తున్నాను.