బొమ్మలు లేకపోతే లెక్క ఆగిపోతుందా?

పోకెమాన్, మ్యాజిక్ లాంటి ఆట కార్డులు కూడబెట్టే కుర్రాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒక ఫార్వర్డ్ తెగ తిరుగుతోంది. నెల్లూరులో నాకే మూడు వైపుల నుంచి వచ్చింది. సారాంశం ఇదీ: కలెక్షన్ లెక్క చూసుకునే సాఫ్ట్‌వేర్ వేసే ముందు యాంటీవైరస్ ఆపెయ్యాలి. 20 జీబీ ఉండే కార్డుల బొమ్మల (ఫొటోల) ప్యాక్ మొత్తం ఎక్కించకపోతే కార్డులు సరిగా నమోదు కావు. బొమ్మలను విండోస్‌లో ప్రోగ్రామ్‌లు ఉండే ప్రోగ్రామ్ ఫైల్స్ ఫోల్డర్‌లోనే పెట్టాలి. బొమ్మ కనపడలేదంటే ప్యాక్ పాడైనట్టే, మళ్లీ దించుకోవాలి. ఏ తేడా వచ్చినా తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తే అంతా మామూలే.

చివర్లో "అందరికీ పంపండి" అని కూడా ఉంది. నాకు వచ్చింది నేను పంపలేదు, ఇది రాస్తున్నాను.

ముందు ఆ 20 జీబీ సంగతి. సాఫ్ట్‌వేర్ కార్డును బొమ్మ చూసి గుర్తుపట్టదు. ఏ సెట్టు (అంటే కంపెనీ ఒక విడతగా వదిలిన కార్డుల గుంపు), అందులో ఎన్నో నంబరు అన్నదే దానికి కావాలి. 1999లో ఇంగ్లీషులో వచ్చిన పోకెమాన్ మొదటి సెట్టులో చారిజార్డ్ కార్డు కింద 4/102 అని ఉంటుంది. ఆ సెట్టు పేరూ ఆ నంబరూ ఇస్తే లెక్క ఎక్కిపోతుంది. ఇలాంటి వివరాలన్నీ అక్షరాలే కాబట్టి జాబితా ఫైలు చిన్నది. బొమ్మలు మనం చూసి మురిసిపోవడానికి. మ్యాజిక్ ద గ్యాదరింగ్ అనే కార్డుల ఆట 1993 నుంచి వస్తోంది, వేరువేరు కార్డులే 20 వేలు దాటాయి. ఒక్కో బొమ్మ 100 కేబీ అనుకున్నా 20 వేలకు 2 జీబీ. పెద్ద సైజు బొమ్మ ఒక ఎంబీ వేసుకుంటే 20 జీబీ. మన దగ్గర మూడు వందల కార్డులుంటే ఆ మూడు వందల బొమ్మలు చాలవా? చాలా ప్రోగ్రామ్‌లు కార్డు తెరిచినప్పుడు దాని బొమ్మను అవే తెచ్చుకుంటాయి. ఆ ప్యాక్‌ను ఎవరైనా డబ్బులకు అమ్మజూపితే అసలు కొనొద్దు. ఆ బొమ్మల మీద హక్కు కార్డుల కంపెనీది, అమ్మేవాడిది కాదు.

యాంటీవైరస్ ఆపమనడం మాత్రం ఉత్త తప్పే కాదు, ప్రమాదం కూడా. బొమ్మల జిప్‌లో బొమ్మలే ఉండాలి, అంటే జేపీజీలూ పీఎన్‌జీలూ. అందులో సెటప్ ఫైలు కనపడితే అది ఎందుకు దూరినట్టు? విండోస్ మామూలుగా ఫైలు పేరు చివరి తోక చూపించదు. అందుకే 'చారిజార్డ్ డాట్ జేపీజీ డాట్ ఈఎక్స్ఈ' అన్నది నిజానికి నొక్కితే నడిచే ప్రోగ్రామ్ అయినా, మనకు ఉత్త జేపీజీలాగే కనపడుతుంది. ఫోల్డర్‌లో వ్యూ నొక్కి ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్ అన్నచోట టిక్ పెడితే దాని బండారం బయటపడుతుంది. ఒక్కోసారి మంచి ప్రోగ్రామ్‌ను కూడా యాంటీవైరస్ అనుమానించే మాట నిజమే. అప్పుడు తయారుచేసినవాళ్ల సొంత పేజీ నుంచే మళ్లీ దించుకోవాలి గానీ కాపలావాణ్ణి ఇంటికి పంపించేయకూడదు.

ప్రోగ్రామ్ ఫైల్స్ సలహా విండోస్ విస్టా రాకముందు రోజులది. 2007లో విస్టా వచ్చినప్పటి నుంచి మామూలు ప్రోగ్రామ్‌ను విండోస్ ఆ ఫోల్డర్‌లో రాయనివ్వదు. పాత ప్రోగ్రామ్ రాయబోతే దానికి తెలియకుండానే ఆ ఫైళ్లను వర్చువల్‌స్టోర్ అనే చాటు ఫోల్డర్‌కు మళ్లిస్తుంది. ప్రోగ్రామ్‌లో బొమ్మలు బాగానే కనపడతాయి, ఫోల్డర్ తెరిస్తే ఏమీ ఉండదు. ఇంకో రోజు 'రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్' అని తెరిచామనుకోండి, ఆ మళ్లింపు ఉండదు. బొమ్మలతోపాటు కలెక్షన్ కూడా ఖాళీ! గుండె ఆగినంత పని. నిజానికి ఏదీ పోలేదు, చాటున ఉంది. ఈ టెన్షన్ దేనికి, డి డ్రైవ్‌లో ఒక ఫోల్డర్ చేసుకుని సెట్టింగ్స్‌లో దాని దారి ఇస్తే సరి.

బొమ్మ కనపడకపోతే ప్యాక్ పాడైనట్టే అన్నదానికి కావలిలో ఉండే మా పిన్ని కొడుకు బలయ్యాడు. మొబైల్ డేటాతో రెండుసార్లు దించాడు. "అన్నా, కాన్‌ఫ్లక్స్ సెట్టు ఒక్కటీ రావట్లేదన్నా" అని ఫోన్. కాన్‌ఫ్లక్స్ మ్యాజిక్‌లో 2009 నాటి సెట్టు. ఒక్కో సెట్టు బొమ్మలు దాని కోడ్ పేరున్న ఫోల్డర్‌లో ఉంటాయి, దీని కోడ్ సీ, ఓ, ఎన్ మూడక్షరాలు. నవ్వొచ్చే సంగతేంటంటే ఆ పేరుతో ఫోల్డర్ చేయడానికి విండోస్ ఒప్పుకోదు. విండోస్‌కు ముందున్న డాస్ రోజుల్లో అది కీబోర్డుకూ స్క్రీన్‌కూ పెట్టిన పేరు, ఆ మడి ఇప్పటికీ వదల్లేదు. మీరే కొత్త ఫోల్డర్ చేసి ఆ పేరు పెట్టి చూడండి, ఎట్టా మొరాయిస్తుందో. అందుకే మ్యాజిక్‌ను ఆన్‌లైన్‌లో ఆడుకునే కాకట్రైస్ అనే ప్రోగ్రామ్ ఆ కోడ్ చివర అండర్‌స్కోర్ తగిలిస్తుంది. మావాడు వాడేదీ కాకట్రైసే. ఆ సెట్టు బొమ్మలను అండర్‌స్కోర్ ఉన్న ఫోల్డర్‌లోకి మార్చమన్నాను. రెండు నిమిషాల్లో బొమ్మలొచ్చాయి. మిగతావాళ్ల గొడవ ఇంకా చిన్నది. జిప్ విప్పినప్పుడు ఫోల్డర్‌లో అదే పేరుతో ఇంకో ఫోల్డర్ పడుతుంది, ప్రోగ్రామ్ పైదాంట్లోనే వెతికి ఊరుకుంటుంది. లోపలివి బయటికి లాగితే చాలు.

ఇక తీసేసి మళ్లీ వేయడం. ప్రోగ్రామ్ మళ్లీ వస్తుంది, బొమ్మలూ వస్తాయి. ఏ కార్డు ఎన్ని ఉన్నాయో, ఎవరి దగ్గర మార్చుకున్నామో రాసుకున్న ఫైలు మాత్రం ప్రపంచంలో మన కంప్యూటర్‌లోనే ఉంది. అన్‌ఇన్‌స్టాల్ దాన్ని కూడా ఊడ్చేస్తే తెచ్చిచ్చేవాడు లేడు. అందుకని ముందు సీఎస్‌వీగా, అంటే కామాలతో విడదీసిన ఉత్త అక్షరాల ఫైలుగా, ఎక్స్‌పోర్ట్ చేసి పెన్‌డ్రైవ్‌లో వేసుకోండి. దాన్ని ఎక్సెల్‌లో తెరిచి సేవ్ మాత్రం కొట్టొద్దు. 004 అన్న కార్డు నంబరు ఉత్త 4 అయిపోతుంది, 3/12 లాంటిది తేదీగా మారిపోతుంది. మావాడి ఫైలులో అట్టా మారినవాటిని మొన్న ఆదివారం ఇద్దరం కూర్చుని ఒక్కొక్కటే సరిచేశాం, సగం అయింది.