వాళ్ళ మాట వాళ్ళే చెప్పుకోనిద్దాం

అమెరికాలోని మన తెలుగు సంఘాల మహాసభల్లో ఇమ్మిగ్రేషన్ సదస్సు ఎలా జరుగుతుందో చూసినవారందరికీ తెలుసు. వేదిక మీద ఇద్దరో ముగ్గురో లాయర్లు కూర్చుంటారు. ప్రయారిటీ డేటు ఎప్పటికి కరెంట్ అవుతుందని (గ్రీన్‌కార్డు వంతు ఎప్పుడు వస్తుందని), ఉద్యోగం మారితే కంపెనీ తమ కోసం పెట్టిన ఐ-140 దరఖాస్తు ఏమవుతుందని, అమ్మాయికి 21 నిండితే ఏం చేయాలని కింద నుంచి తల్లిదండ్రులు అడుగుతారు. ఆ అమ్మాయి మాత్రం ఆ సమయానికి పక్క హాల్లో కూచిపూడి పోటీకి మేకప్ వేయించుకుంటూ ఉంటుంది, లేదా అసలు మహాసభకే వచ్చి ఉండదు. ఎవరి బతుకు గురించి గంటసేపు చర్చించామో వారు ఆ గదిలో లేరన్న సంగతి మనకు వింతగా తోచదు. ఈ అలవాటు మారాలని నా అభిప్రాయం. మార్చుకోవడం ఎలాగో ఈ దేశంలో ఇప్పటికే చేసి చూపించినవారు ఉన్నారు. వారు దేశంలో ఉండటానికి చట్టబద్ధమైన ఏ స్టేటస్సూ లేకుండా ఇక్కడ పెరిగి పెద్దయిన యువతీయువకులు, మన సంఘాలు ఇంతవరకు తమవారిగా లెక్కలోకి తీసుకోనివారు.

వారి కథ బడితో మొదలవుతుంది. టెక్సాస్‌లోని టైలర్ పట్టణంలో కాగితాలు లేని పిల్లలను ప్రభుత్వ బడి నుంచి దూరం పెట్టబోతే, అది రాజ్యాంగ విరుద్ధమని 1982 జూన్ 15న సుప్రీంకోర్టు 5-4 తేడాతో తీర్పు చెప్పింది. దాంతో పన్నెండో తరగతి వరకు చదువు దక్కింది కానీ, ఆ తరువాత ఏమిటన్నదానికి జవాబు లేకుండా పోయింది. సోషల్ సెక్యూరిటీ నంబరు ఉండదు, ఫెడరల్ ఆర్థిక సహాయం రాదు, చాలా రాష్ట్రాల్లో డ్రైవింగ్ లైసెన్సు ఇవ్వరు, పట్టా చేతికొచ్చినా పని చేసే అనుమతి ఉండదు. ఈ లోటు తీర్చడానికి 2001లో సెనేటర్లు డిక్ డర్బిన్, ఆరిన్ హాచ్ చిన్నప్పుడు వచ్చి ఇక్కడే చదువుకున్నవారికి చట్టబద్ధమైన స్టేటస్ ఇచ్చే డ్రీమ్ చట్టం బిల్లును ప్రవేశపెట్టారు. దాని మీద సెనేట్ విచారణ 2001 సెప్టెంబరు 12న జరగవలసి ఉంది. ముందురోజు జరిగిన దాడులతో ఆ విచారణ రద్దయింది, దేశం చూపు వేరే వైపు మళ్ళింది.

ఆ మొదటి దశాబ్దంలో ఈ పిల్లల తరఫున మాట్లాడింది పెద్దలే. ఏ బడిలో ఎవరు ఫస్టు వచ్చారో వెదికి, వారి కథను వార్తాపత్రికలకు ఇచ్చేవారు. తరచుగా పేరు మార్చేవారు, ముఖం కనబడనిచ్చేవారు కాదు. ఆ జాగ్రత్తకు కారణం లేకపోలేదు. టామ్ ట్రాన్ అనే విద్యార్థిని వియత్నాం శరణార్థుల కుమార్తె. జర్మనీలో పుట్టి, కాలిఫోర్నియాలో పెరిగింది. 2007 మేలో ఆమె ప్రతినిధుల సభ ఉపసంఘం ముందు సాక్ష్యం చెప్పింది. ఆ ఏడాదే ఒక జాతీయ దినపత్రికలో ఆమె గురించి వార్త వచ్చిన కొద్ది రోజులకు ఇమ్మిగ్రేషన్ అధికారులు ఇంటికి వచ్చి తల్లిదండ్రులను, సోదరుణ్ణి పట్టుకెళ్ళారు. కాంగ్రెస్ సభ్యురాలు జోయీ లాఫ్‌గ్రెన్ కలగజేసుకోవడంతో వారు త్వరలోనే బయటకు వచ్చారు. బయట పడితే ప్రమాదం ఉందని ఈ సంఘటన ఎంత గట్టిగా చెప్పిందో, పేరు నలుగురికీ తెలిసి ఉంటే ఆ ప్రమాదం నుంచి లాగేవారు కూడా దొరుకుతారని అంతే గట్టిగా చెప్పింది. ఆ తరువాతి తరం రెండో పాఠాన్ని పట్టుకుంది.

2010లో పరిస్థితి ఒక్కసారిగా మారింది. జనవరి 1న మయామీ నుంచి నలుగురు విద్యార్థులు వాషింగ్టన్‌కు దాదాపు 1,500 మైళ్ళ పాదయాత్ర మొదలుపెట్టారు. మార్చి 10న షికాగో ఫెడరల్ ప్లాజాలో ఇమ్మిగ్రెంట్ యూత్ జస్టిస్ లీగ్ సభ్యులు ఒక్కొక్కరే మైకు ముందుకు వచ్చి, తమ పేరు చెప్పి, తమకు కాగితాలు లేవని, ఇక దాక్కోబోమని ప్రకటించారు. దాచుకున్నదాన్ని బయటపెట్టి భయాన్ని పోగొట్టుకునే ఈ పద్ధతిని వారు స్వలింగ సంపర్కుల హక్కుల ఉద్యమం నుంచి నేర్చుకున్నారు. రెండు రహస్యాలనూ మోసినవారు ఈ ఉద్యమ నాయకుల్లో చాలామంది ఉన్నారు. మే 17న అరిజోనాలోని టుసాన్‌లో సెనేటర్ జాన్ మెక్‌కెయిన్ కార్యాలయంలో పట్టభద్రుల టోపీలు, గౌన్లు వేసుకుని కొందరు బైఠాయించారు. అరెస్టయినవారిలో ముగ్గురికి కాగితాలు లేవు. వారిలో ఒకరైన మొహమ్మద్ అబ్దొల్లాహీ ఇరాన్‌లో పుట్టినవాడు. ఇది మెక్సికోవారి గొడవ మాత్రమేనని మనలో చాలామంది నేటికీ అనుకుంటారు కనుక ఈ సంగతి ప్రత్యేకించి చెబుతున్నాను. శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతంలో ఆసియా మూలాలున్న కాగితాలు లేని విద్యార్థులు 2008లోనే ఆస్పైర్ అనే సంస్థను స్థాపించుకున్నారు. అంతకన్నా ముందు నుంచి న్యూయార్క్ జాక్సన్ హైట్స్‌లో దక్షిణాసియా శ్రామిక కుటుంబాల పిల్లలు డ్రమ్ సంస్థలో పనిచేస్తున్నారు.

అరెస్టులు పత్రికలకెక్కాయి కానీ, అసలు పని ఫోన్ల దగ్గర జరిగింది. ఎవరినైనా దేశం నుంచి పంపించివేయబోతున్నారని తెలిస్తే, వారి పేరు, ఫొటో, ఎన్నేళ్ళుగా ఇక్కడ ఉన్నారో, ఏం చదివారో ఒక పుటలో రాసేవారు. ఏ అధికారికి ఫోన్ చేయాలో, చేసి ఏమనాలో దాని కిందే ఉండేది. కుటుంబం ఒప్పుకుంటేనే ఆ కాగితం బయటకు వెళ్ళేది. దేశమంతటా ముక్కూముఖం తెలియనివారు ఆ కార్యాలయానికి ఫోన్ల మీద ఫోన్లు చేసేవారు. ఇంకోవైపు ఆ జిల్లా కాంగ్రెస్ సభ్యుడి సిబ్బంది దగ్గర ఒకరు కూర్చునేవారు, మరొకరు లాయరుతో కలిసి పంపివేతను ఆపమని కోరే స్టే దరఖాస్తు సిద్ధం చేసేవారు. కాలేజీ వయసు పిల్లలు లాప్‌టాప్‌ల మీద నడిపిన ఈ వ్యవస్థ చాలామంది ప్రయాణాన్ని ఆపగలిగింది. పాలకవర్గాలు, సలహా మండళ్ళు, ప్రాంతీయ సమన్వయకర్తలు అన్ని వరసలున్న మన సంఘాలకు ఇలాంటి పని చేతకాదని నేననను. చేయవలసి వస్తుందని మనం ఎన్నడూ అనుకోలేదు, అంతే.

2010 డిసెంబరు 8న ప్రతినిధుల సభ 216-198 ఓట్లతో డ్రీమ్ బిల్లును ఆమోదించింది. పది రోజుల తరువాత సెనేట్‌లో 55 మంది అనుకూలంగా ఓటు వేసినా, కావలసిన 60 రాక బిల్లు ఆగిపోయింది. అప్పుడు ఈ యువత గురిని కాంగ్రెస్ నుంచి అధ్యక్షుడి మీదికి మార్చింది. చట్టం లేకుండానే ఉపశమనం ఇచ్చే అధికారం అధ్యక్షుడికి ఉందని న్యాయశాస్త్ర ఆచార్యుల చేత లేఖ రాయించింది. 2012 జూన్‌లో డెన్వర్‌లో ఒబామా ఎన్నికల కార్యాలయంలో బైఠాయించింది. ఆ నెల 15న, టైలర్ తీర్పుకు సరిగ్గా 30 ఏళ్ళు నిండిన రోజున, చిన్నప్పుడు వచ్చినవారిని పంపివేయకుండా ఆపి పని అనుమతి ఇచ్చే డాకా ప్రకటన వచ్చింది. ఇప్పటివరకు 8 లక్షల మందికి పైగా దాని వల్ల పని అనుమతి పొందారు. 2017లో దాన్ని రద్దు చేయబోతే 2020లో సుప్రీంకోర్టు మళ్ళీ 5-4 తేడాతో ఆ రద్దును కొట్టివేసింది. టెక్సాస్ కోర్టు ఉత్తర్వు వల్ల 2021 నుంచి కొత్త దరఖాస్తులకు మంజూరు నిలిచిపోయింది.

మన ఇళ్ళకు సంబంధించిన మెలిక డాకా నిబంధనల్లోనే ఉంది. 2012 జూన్ 15 నాటికి చట్టబద్ధమైన స్టేటస్ లేనివారికే అది వర్తిస్తుంది. తల్లిదండ్రుల హెచ్-1బి ఉద్యోగ వీసా మీద ఆధారపడి హెచ్-4 వీసాలో ఉన్న పిల్లలకు ఆ రోజున స్టేటస్ ఉంది కనుక వారికి డాకా లేదు. ఉద్యోగ ఆధారిత గ్రీన్‌కార్డులు ఏటా సుమారు 1,40,000. ఒక దేశానికి 7 శాతమే. ఆ వరసలో నాన్న నిలబడి ఉండగానే పిల్లవాడికి 21 నిండుతాయి, నిండిన రోజున వాడు ఆ దరఖాస్తు నుంచి జారిపోతాడు. 2002 నాటి చట్టం కొంత వయసును తగ్గించి లెక్క కట్టే వీలు ఇచ్చింది కానీ, ఆ లెక్కకు, ఎవరి వంతు వచ్చిందో నెలనెలా ప్రకటించే వీసా బులెటిన్‌లోని ఏ పట్టికను తీసుకోవాలో ప్రభుత్వం 2023లో ఒక రకంగా, 2025 ఆగస్టు 15 నుంచి మరొక రకంగా నిర్ణయించింది. పట్టిక మారితే కొందరు పిల్లల వయసు రాత్రికి రాత్రి 21 దాటిపోతుంది. ఇలాంటి పిల్లల కోసం 2017లో ఇంప్రూవ్ ద డ్రీమ్ సంస్థను ప్రారంభించిన దీప్ పటేల్ కూడా ఆ స్థితిలో పెరిగిన యువకుడే. కథ తామే చెప్పుకోవడం, కాంగ్రెస్ కార్యాలయాల తలుపులు తట్టడం, విచారణల్లో సాక్ష్యం చెప్పడం అన్న వారి పద్ధతులన్నీ కాగితాలు లేని యువత ముందే నడిచిన బాటలోనివి. 2022 జూలైలో ఈ పిల్లలకు రక్షణ కల్పించే సవరణ రక్షణశాఖ బిల్లులో భాగంగా ప్రతినిధుల సభలో గట్టెక్కింది, తుది బిల్లులో మాత్రం చోటు దొరకలేదు.

ఇక్కడే మనవాళ్ళు తరచుగా ఒక మాట అంటారు: ‘‘మా పిల్లలు చట్టప్రకారం వచ్చినవాళ్ళండీ, గోడ దూకినవాళ్ళతో కలపకండి.’’ 2025 ఫిబ్రవరిలో 104 మంది భారతీయులను సంకెళ్ళతో సైనిక విమానంలో అమృత్‌సర్‌కు పంపినప్పుడు ఈ మాట వాట్సాప్ గ్రూపుల్లో మరీ ఎక్కువగా వినబడింది. ఈ వాదన నైతికంగా ఎలాంటిదన్నది అలా ఉంచి, వ్యూహంగా కూడా అది చెల్లదని నా ఉద్దేశం. 2021 మార్చిలో ప్రతినిధుల సభ 228-197తో ఆమోదించిన డ్రీమ్ అండ్ ప్రామిస్ బిల్లులో హెచ్-4 పిల్లలకు కూడా చోటు దక్కింది. ఆ బిల్లు వెనుక ఉన్నది స్టేటస్ లేని యువత ఏళ్ళ తరబడి కట్టుకున్న బలం. పైగా 21 నిండిన పిల్ల ఎఫ్-1 విద్యార్థి వీసాకు మారలేక, తల్లిదండ్రులను వదిలి వెళ్ళలేక ఇక్కడే ఉండిపోతే, ఆ పిల్ల ఏ పక్క ఉన్నట్టు?

స్టేటస్ ఎంత పలుచటిదో తెలుగువారికి ఇంకొకరు చెప్పనక్కరలేదు. 2011 జనవరిలో కాలిఫోర్నియాలో ట్రై-వ్యాలీ యూనివర్సిటీ మూతపడినప్పుడు మన విద్యార్థుల కాళ్ళకు నిఘా పట్టీలు తగిలించారు. 2019లో మిషిగన్‌లో ఫార్మింగ్టన్ యూనివర్సిటీ పేరుతో ప్రభుత్వమే నడిపిన బూటకపు విద్యాసంస్థలో చేరిన సుమారు 600 మందిలో అత్యధికులు భారతీయులు, వారిలో తెలుగువారు చాలామంది. పిల్లలను అందులో చేర్పించినందుకు పట్టుబడినవారిలో కూడా తెలుగువారు ఉన్నారు. అప్పుడు మన సంఘాలు లాయర్లను పెట్టాయి, నిర్బంధంలో ఉన్నవారి కోసం రాయబార కార్యాలయంతో మాట్లాడాయి. ఆ సేవ చిన్నది కాదు. అయినా ఎక్కువమంది పిల్లలు గుట్టుచప్పుడు కాకుండా తిరుగు విమానం ఎక్కారు. ‘ఇంటి గుట్టు లంకకు చేటు’ అని నేర్చుకుని పెరిగినవాళ్ళం మనం. ఊళ్ళో తెలిస్తే పరువు పోతుందని, సంబంధాలు రావని భయం. వారిలో ఒక విద్యార్థి మాత్రం, కట్టిన ఫీజు తిరిగి ఇవ్వాలంటూ అమెరికా ప్రభుత్వం మీద తన పేరుతోనే, అందరి తరఫునా దావా వేశాడు. కింది కోర్టు కొట్టేసిన ఆ కేసును 2024లో ఫెడరల్ సర్క్యూట్ అప్పీలు కోర్టు మళ్ళీ నిలబెట్టింది. 2025 ఏప్రిల్‌లో వేలాది విదేశీ విద్యార్థుల సెవిస్ రికార్డులు (ప్రభుత్వం దగ్గర ఉండే విద్యార్థి నమోదులు) ఒక్కసారిగా రద్దయినప్పుడు కూడా, అవి తిరిగి రావడానికి దారి తీసినవి విద్యార్థులు వేసిన కేసులే.

తల్లిదండ్రుల విషయం కూడా ఈ ఉద్యమం నుంచి నేర్చుకోవలసి ఉంది. పెద్దలు చేసిన తప్పుకు పసివాళ్ళను శిక్షించరాదన్న వాదన మొదట్లో సెనేటర్లకు నచ్చింది, ఓట్లూ తెచ్చింది. కానీ ఆ వాదనలో అమ్మానాన్నలు నేరస్థులుగా మిగిలిపోతారు. కొన్నేళ్ళకు ఈ పిల్లలే దాన్ని కాదన్నారు. తమను ఇక్కడికి తెచ్చినవారి సాహసం వల్లే తాము నిలబడ్డామని, వారిని వదిలేసి వచ్చే కాగితం తమకు వద్దని సభల్లోనే చెప్పారు. వారి తల్లిదండ్రులు కూడా క్రమంగా సమావేశాలకు రావడం మొదలుపెట్టారు. పిల్లలు వేదికనెక్కితే పెద్దల మర్యాద తగ్గుతుందన్న మన సంకోచానికి ఇది తగిన జవాబు.

ఈ రోజుల్లో పిల్లలను ముందుకు నెట్టడం ప్రమాదం కాదా అన్న ప్రశ్న సబబైనదే. 2010లో పేరు తెలిసి ఉండటం రక్షణగా పనిచేసింది. ఇప్పుడు ప్రతిసారీ అలా జరగడం లేదు. 2025 మార్చిలో కొలరాడోలో చిరకాల ఉద్యమకారిణి జానెట్ విజ్‌గెర్రాను నిర్బంధించారు. ఆగస్టులో ఎల్ పాసో విమానాశ్రయంలో, డాకా ఉన్న ఒక యువ కార్యకర్తను దేశంలోపలి విమానం ఎక్కబోతుండగా పట్టుకున్నారు. కాబట్టి మాట్లాడాలా వద్దా, పేరుతోనా పేరు లేకుండానా, ఫొటో ఉండాలా వద్దా అన్నవి ఆ వ్యక్తే నిర్ణయించుకోవాలి. లాయరుతో మాట్లాడిన తరువాతే నిర్ణయించుకోవాలి. అమ్మానాన్నల తరఫున గానీ, సంఘం ప్రచారం కోసం గానీ ఎవరినీ మైకు ముందు నిలబెట్టకూడదు. వేదికెక్కకుండా కూడా నాయకత్వం వహించవచ్చు: ఏ కాంగ్రెస్ సభ్యుణ్ణి కలవాలి, ఏ బిల్లును బలపరచాలి, ఎవరితో జతకట్టాలి అన్న తీర్మానాలు వారు చేస్తే, వాటిని వినిపించే పనికి పౌరసత్వం ఉన్న మనం ఉన్నాం.

ఇందుకు మన సంఘాలు చేయగలిగినవి ఖరీదైనవి కావు. మహాసభలో ఆంధ్ర, తెలంగాణల నుంచి వచ్చిన రాజకీయ అతిథుల సన్మానాలకు గంటలకు గంటలు దొరుకుతున్నప్పుడు (శాలువాల లెక్క ఎలాగూ ఎవరూ పెట్టరు), 30 ఏళ్ళలోపు యువత నడిపే ఇమ్మిగ్రేషన్ కమిటీకి ఒక పూట దొరకకపోదు. ఆ కమిటీకి ఓటు ఉండాలి, సొంత ఖాతా ఉండాలి, తమలో స్టేటస్ లేనివారు ఎవరో కార్యవర్గానికి చెప్పనవసరం లేని ఏర్పాటు ఉండాలి. న్యాయసహాయ నిధికి దరఖాస్తు చేసేవారిని ఏ వీసాలో ఉన్నారని అడగడం మానేయాలి. ఆ సమాచారం లాయరు దగ్గర ఉంటే చాలు, సంఘం ఫైళ్ళలో ఉండనే కూడదు. ఇంప్రూవ్ ద డ్రీమ్‌తోనూ, స్టేటస్ లేని యువత నడిపే యునైటెడ్ వి డ్రీమ్‌తోనూ కలిసి వాషింగ్టన్ వెళ్ళే పిల్లల బస్సు ఖర్చు, హోటల్ ఖర్చు మన ఒక్క బాంక్వెట్ రాత్రి పూల అలంకరణకు మించదు. వచ్చే మహాసభ బడ్జెట్ ముసాయిదా కార్యవర్గం ముందుకు వచ్చినప్పుడు, యువజన విభాగం పద్దు కింద పాటల పోటీల బహుమతులు తప్ప మరేమీ కనిపించకపోతే, దాన్ని ఆమోదించకుండా వెనక్కి పంపమని సభ్యులు అడగాలి.